పురుగు కొరికిన ఆకు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: ఇంట్లో స్పృహ తప్పి నేను పడిపోవడం, చంటిది ఏడుస్తూనే ఉండటం, ఈ పతగోనియా గాలి హోరులో ఆ ఏడుపు ఎవరికీ వినపడకపోవడం. గొర్రెల బొచ్చు కత్తిరించే కాలమంతా మా ఆయన ఇంట్లో ఉండడు. పక్కింటి దెల్మీరా అత్త ఉన్నన్నాళ్ళూ ఆ భయం కొంత అణిగి ఉండేది. పొద్దున్నే మా కిటికీ అద్దం మీద గోటితో కొట్టేది.

"బతికే ఉన్నావా పిల్లా?"

"ఉన్నానత్తా."

"అయితే లే. మాతేకి నీళ్ళు కాచు."

ఇద్దరం ఆ మాతే ఆకు కషాయం తాగి, చంటిదాన్ని ఎత్తుకుని మ్యూజియానికి పోయేవాళ్ళం. అక్కడ నేను ఊడ్చేదాన్ని, అత్త చెప్పింది రాసేదాన్ని. ఆమె పని ఏనాడో రాతిలో అచ్చుపడిపోయిన ఆకుల్ని గుర్తుపట్టడం. పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో రాతిపొడి. కళ్ళజోడుకి ఉన్నిదారం. పలకరాయిని ఉలితో పొరలుగా విడదీసి, తడిగుడ్డ అద్ది, దీపాన్ని వాలుగా పెట్టేది. తడికి ఈనెలు తేలేవి. కొన ఎలా ఉంది, నడిమి ఈనె లావెంత, పక్క ఈనెలు అంచుదాకా పోతున్నాయా, ముందే వంగి పై ఈనెను పట్టుకుంటున్నాయా అని చూసి, అది ఏ చెట్టు జాతో చెప్పేది. ముళ్ళపొదలు తప్ప ఏదీ మొలవని మా నేల మీద ఒకప్పుడు వానల అడవి ఉండేదని నేను నమ్మింది ఆమె బల్ల దగ్గరే.

ఆ రోజు చంటిది గొర్రెతోలు మీద నిద్రపోతోంది. అత్త కొత్త రాయి మీదికి వంగింది.

"రాసుకో పిల్లా. ఆకు కోల. అంచు రంపపు పళ్ళు."

నేను రాయబోయి ఆగాను. పన్నయితే దానిలోకి సన్న ఈనె ఒకటి పోతుంది, పురుగు కొరికితే ఈనె తెగి ఉంటుంది. చేరిన మొదటి రోజే అత్త నేర్పింది. "కొరుకుడుని పన్నన్నావంటే గొర్రెలు కూడా నవ్వుతాయి," అనేది.

"ఏం, కలం మొరాయించిందా?"

నేను దీపాన్ని ఆ అంచుకి దగ్గరగా జరిపాను. ఆమె కాసేపు రాయినే చూసింది.

"పన్నులోకి ఈనె పోతోందా?" అంది మెల్లగా.

పోతోందంటే చాలు, అత్త కళ్ళు చూపించుకోడానికి ఏ ఊరూ పోదు, మర్నాడు కూడా నా కిటికీ దగ్గరికి వస్తుంది. కానీ ఈ రాయి అబద్ధపు పేరుతో అలమరలోకి పోతుంది. ఆమె చేతుల మీదుగా.

"లేదత్తా. తెగిపోయింది. పురుగు కొరికింది."

అత్త కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాకన్నా ఆ పురుగే నయం. దానికి ఆకు కనపడింది."

ఇద్దరం నవ్వాం. చంటిది ఉలిక్కిపడి లేచింది. అత్తే ఎత్తుకుని, దాని అరచేతి గీతల్ని బొటనవేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

వేసవి రాకముందే అత్త త్రెలేవ్ బస్సెక్కింది. అక్కడ కంటి ఆసుపత్రి ఉంది. ఆమెకు అయినవాళ్ళెవరూ లేరు. మొదట్లో రోజూ ఫోన్ చేసేది. ఆదివారం నుంచి నేను చేసినా ఎత్తడం లేదు. ఇక్కడ చంటిదానికి జ్వరం, నేను కదల్లేను. పేరు పెట్టని ఆ రాయి ఇంకా బల్ల మీదే ఉంది, ఆమె గుడ్డ దాని మీదే ఎండిపోయింది.

త్రెలేవ్ వైపు పోయేవాళ్ళెవరైనా ఇది చదివితే, పాత రైలు స్టేషన్ వెనక వీధిలో దెల్మీరా అంతియేకో అనే ఆమె గది ఎక్కడని అడగండి. పలక్కపోతే ఊరికే వెనక్కి రాకండి, లోపలికి వెళ్ళి చూడండి.