రెండుసార్లు నూరిన పాట

పాడిన అమ్మాయే తన పాట వినలేక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసింది.

ఎదురుగా కుర్చీలో వెనక్కి వాలి మెచ్చుకోలు కోసం కాచుకుని ఉన్న పెద్దమనిషిని ఆ స్టూడియోలో అందరూ గురువుగారంటారు. అరవై మూడేళ్ల వయసు, ముప్పై ఐదేళ్ల అనుభవం. విడివిడిగా రికార్డు చేసిన గొంతును, గిటారును, వేణువును, డ్రమ్ములను తీసుకుని, ఏది ఎంత వినబడాలో తూచి ఒక్క పాటగా కలపడం ఆయన పని. అలా కలిపినదానికి పై అంతస్తులో కూర్చునే ఆయన బావమరిది ఆఖరి మెరుగు పెట్టి బయటికి పంపుతాడు. వాళ్ల చుట్టరికం పెళ్లితో మొదలై పోట్లాటలతో గట్టిపడింది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది సార్. కానీ నా 'స'లు కొంచెం..."

"ఊఁ, కొంచెం?"

"బుస కొడుతున్నాయి సార్."

ఆ పాట పల్లవి 'సాయంసంధ్య సరసన సాగే సెలయేరు'. రాసినాయన ఆ అక్షరం మీద పగబట్టి రాశాడేమో అనిపిస్తుంది. మొదటి 'సా' దగ్గర ఒక పాము పడగ విప్పితే, సెలయేరు దగ్గరికి వచ్చేసరికి పుట్టంతా కదిలింది. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లేలు మోగినప్పుడల్లా పళ్లు జివ్వుమంటున్నాయి. ఇది గాయనికి మొదటి ఆల్బమ్. మొత్తం ఎనిమిది పాటలు, ఎనిమిదింటిదీ అదే తీరు.

గురువుగారు మళ్లీ పెట్టుకుని విన్నాడు. ఆయనకు మాత్రం సెలయేరు మెత్తగా పారింది. ఇది కచ్చితంగా పై అంతస్తువాడి నిర్వాకమే అనుకుని బావమరిదిని కిందికి పిలిపించాడు.

"ఏమోయ్, నేను పంపిన పాటను ఏం చేశావు? అమ్మాయి చెవులు మూసుకుంటోంది."

"నేను చేసేదేముంది బావగారూ? మీ దగ్గర్నుంచి వచ్చేటప్పటికే మొద్దుబారి ఉంది. పోనీ కదా అని కాస్త పదును పెట్టాను."

"మొద్దా! నేనే బోలెడంత పదును పెట్టి పంపితేనూ!"

గాయని ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "అంటే ఇద్దరూ నూరారా సార్?"

ఇద్దరూ నూరారు. కానీ ఒప్పుకునేదెవరు? మీ చెవులు మందగించాయంటే నీ చెవులే మందగించాయని మొదలై, ఎప్పటిదో పెళ్లిలో మైకు పాడుచేసిందెవరన్న దాకా వెళ్లింది. తీర్పు చెప్పడానికి మూడో మనిషి కావాల్సి వచ్చింది. కింద వీధి వైపు కుట్టు దుకాణం నడిపే గురువుగారి భార్యను పిలిచారు. ఆవిడ మెడలో టేపుతో, పెదాల మధ్య రెండు గుండుసూదులతో వచ్చింది. సూదులు తీసి చేతిలో పట్టుకుని, కూర్చోకుండానే అంది.

"ముందు ఆ కీచుమంటున్నదాన్ని ఆపండి, తర్వాత పాట వింటాను."

"ఏ కీచు?" అన్నారు బావా బావమరుదులు ఒక్క గొంతుతో.

గాయని నోరు విప్పింది. "అదా అమ్మా? నేనూ వచ్చిన రోజునుంచీ వింటున్నా. ఏదో మిషను, కావాలనే పెట్టుకున్నారేమో అని అడగలేదు."

ఆడవాళ్లిద్దరూ తలలు పక్కకు వంచి గదంతా వెతికారు. ఒక ప్లగ్గు తీశారు, కాదు. ఇంకొకటి తీశారు, అదీ కాదు. మగవాళ్లిద్దరూ లేని దొంగను పట్టుకుంటున్నారన్నట్టు చూస్తూ నిలబడ్డారు. చివరికి బల్ల లైటు అడాప్టరు ఊడబీకగానే ఇద్దరూ హమ్మయ్య అని ఒకేసారి ఊపిరి వదిలారు. గురువుగారికి ముందుకీ తర్వాతకీ తేడాయే తెలియలేదు. ఆ లైటు కొని రెండేళ్లయింది.

తర్వాత ఆవిడ పాట విన్నది. మూడో 'స' దగ్గర ఆపేసింది.

"ఇది మీ ఇద్దరికీ బాగుందా?"

బావమరిది బావ వంక చూశాడు, బావ పైకప్పు వంక చూశాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వూ పద. రేపు పొద్దున్నే ఇద్దరికీ చెవుల పరీక్ష."

మర్నాడు బయల్దేరే వేళకు గురువుగారికి వంద పనులు గుర్తొచ్చాయి. కేబులు కొనాలి, ఎవరికో ఫోను చెయ్యాలి, నడుం పట్టేసింది.

"సాకులు చెప్పకండి," అంది భార్య.

"ఆకులా? ఏం ఆకులు?"

ఆవిడ బండి తాళాలు తీసుకుంది.

వినికిడి పరీక్ష చేసే డాక్టరమ్మ చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. బావమరిది బుద్ధిగా నొక్కాడు. గురువుగారు మాత్రం ముప్పై ఐదేళ్లుగా తాళం తప్పనివాడు కదా, శబ్దాలు ఎంతెంత ఎడంలో వస్తున్నాయో కనిపెట్టేసి, వినబడకపోయినా లెక్క ప్రకారం నొక్కుతూ పోయాడు.

"అయ్యా, ఇప్పుడు నేనేమీ పంపలేదండీ," అంది డాక్టరమ్మ మైకులో.

మళ్లీ మొదట్నుంచీ చేశారు. ఈసారి రెండు కాగితాల మీదా గీత సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి జారుడుబల్లలా దిగిపోయింది. ఇద్దరూ పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లల్లా ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూశారు.

"నాది మీకన్నా కాస్త పైనుంది బావగారూ."

"ఒక్క చుక్క. దానికే ఎగరకు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని చెప్పింది. "ఇది జబ్బు కాదు, వయసు, దానికి తోడు ఏళ్ల తరబడి మోతలో పని. అన్నిటికన్నా పైన ఉండే సన్నటి శబ్దాలు ముందు పోతాయి. పోయినవి తిరిగి రావు. మాటలు తెలియడానికి చెవిలో మిషను పెట్టుకోవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని సంగీతం తూచకండి, అది వేరేగా వినిపిస్తుంది."

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఎవరూ పోట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం గురువుగారు ఒక్కడే కూర్చుని, తను ముప్పై ఏళ్ల వయసులో కలిపిన పాట ఒకటి పెట్టుకున్నాడు. దాని చివర అన్ని వాద్యాలూ ఆగిపోయాక ఒక ఇత్తడి పళ్లెం ఒక్కటే మోగి, మెల్లగా కరిగిపోతుంది. ఆ కరగడం ఎంతసేపుండాలా అని అప్పట్లో రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు. ఇప్పుడు దెబ్బ వినబడింది. కాస్త గరగర వినబడింది. ఆపైన గోడ.

టీ తెచ్చిన భార్యను పక్కన కూర్చోబెట్టి మళ్లీ పెట్టాడు.

"ఇంకా మోగుతోందా?"

"మోగుతోంది."

"ఇప్పుడూ?"

"ఉంది. సన్నగా... ఇంకా ఉంది... ఆఁ, పోయింది."

ఆ 'ఇంకా ఉంది'లో ఆయన ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆవిడ చూడనట్టే, "టీ చల్లారిపోతుంది, తాగండి," అంది.

తర్వాత ఆయన గాయనికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. "నా చెవులకు పైవి వినబడట్లేదమ్మా. ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. పాటలు కుర్రాళ్లెవరికైనా ఇచ్చుకో, నేను ఏమీ అనుకోను."



"సార్, రెండో పాటలో వేణువు నా గొంతు వెనక దాక్కుని, చరణం అయ్యాక బయటికొస్తుంది చూడండి, అది మీరే కదా చేసింది? అది విని మా అమ్మ ఏడ్చింది. నేను వేరేవాళ్ల దగ్గరికి వెళ్లను. నా 'స'లు ఒక్కటి చూడండి చాలు."

'స'లను చూడటానికి ఆ గదిలో ఇంకో కుర్చీ పడింది. అందులో టైలరుగారు కూర్చుంది. వినబడినంతమేర గురువుగారే కలిపేవాడు. వినబడని చోట స్క్రీను మీద గీతలు చూసి, పక్కకు తిరిగి భార్య ముఖం చూసేవాడు. ఆవిడకు ఆ పని మాటలేవీ రావు. తనకొచ్చిన మాటలతోనే చెప్పేది.

"ఇక్కడ అంచు మడవలేదు, దారాలు లేచాయి."

"అంటే పైన తగ్గించాలా?"

"తగ్గించండి. అయ్యో, అంత కాదు! ఇప్పుడు ఇస్త్రీ ఎక్కువై మెరుపే పోయింది. ఆఁ... అక్కడ. అక్కడ ఆపండి."

మొదటి రెండు రోజులు ఆయనకు చిరాకేసింది. తన బల్ల దగ్గర తనకు వినబడనిదాని గురించి ఇంకొకరు చెబితే వినడమేమిటని. మూడోరోజు ఒక చోట ఆవిడ మాట వినకుండా, తనకు తెలుసులే అని మీట ఒక గీత పైకి జరిపాడు. గాయని వచ్చి విని, సరిగ్గా అదే చోట వేలు పెట్టి, "ఇక్కడ ఏదో గుచ్చుకుంటోంది సార్," అంది. భార్య, మధ్యలో సూదులు లేకపోయినా ఉన్నట్టే, పెదాలు మూసుకుని కూర్చుంది. ఆయన ఆ గీతను కిందికి దించి, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

పై అంతస్తుకూ ఆవిడే వెళ్లి, తమ్ముడి మిషను మీద పై శబ్దాలు పెంచే మీటకు అడ్డంగా ఒక గుడ్డపేలిక అతికించి వచ్చింది.

"అక్కా, ఇది నా జీవనోపాధి!"

"నీ జీవనోపాధి కింది శబ్దాల్లో ఉంది, అటు నూరుకో. పైన నన్ను అడక్కుండా ముట్టావో, వేళ్లు కలిపి కుట్టేస్తాను."

ఎనిమిది పాటలూ అనుకున్న వారానికే బయటికొచ్చాయి. గాయని స్నేహితురాలెవరో విని, సెలయేరు పాట చెవి దగ్గర ఊదినట్టుందని రాసిందట. గాయని ఆ మాట ఫోన్లో చదివి వినిపిస్తుంటే గురువుగారు రెండుసార్లు చదివించుకున్నాడు. ఆల్బమ్ అట్ట మీద ఉండే, పాటలకు పనిచేసినవాళ్ల పేర్ల చివర గాయనే ఒక వరుస చేర్పించింది: పై అంచు పని, టైలరుగారు. దాన్ని చూసి బావమరిది మూతి ముడుచుకున్నాడు. తన పేరు పైనుండాలన్నాడు. పైన ఉంటే నీకు కనబడదేమో అన్నాడు గురువుగారు.

తర్వాత ఒక సినిమా పాట పని వచ్చింది. పదకొండు గంటలకు గురువుగారు మెట్లు దిగి కుట్టు దుకాణానికి వెళ్లాడు. భార్య పాదంతో మిషను తొక్కుతూ తలెత్తకుండానే, "ముందు వాళ్లున్నారు," అని గోడ పక్క బెంచీ చూపించింది. అక్కడ ప్యాంటు పొడుగు తగ్గించుకోడానికొచ్చిన ఒకాయన, జిప్పు పోయిన సంచీతో ఒకావిడ కూర్చుని ఉన్నారు.

గురువుగారు వాళ్ల పక్కన సర్దుకుని కూర్చున్నాడు.

"మీదేం కుట్టించాలండీ?" అని అడిగింది సంచీ ఆవిడ.

"ఒక పాట," అన్నాడాయన. "అంచు మాత్రమే."