ఉప్పు సరిపోయిందా?

2021 మే 14, రంజాన్ పండుగ. ఆ మధ్యాహ్నం ఖాజా పీర్ తిన్నది పొట్టేలు కూర, రెండు జొన్నరొట్టెలు. ఆయన ఇష్టపడి తిన్న చివరి మాంసం అదే. అది ఎలా ఉందో మాత్రం ఆయనకు తెలియదు.

నంద్యాలలో ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ కరోనా పట్టుకుంది. కూతురు షిఫాను ముందే డోన్‌లో పిన్నమ్మ ఇంటికి పంపేశారు. పక్కింటివాళ్ళు గేటుకు మాంసం సంచి తగిలించి పోతే, పండగ పూట పొయ్యి వెలిగించకపోతే ఎలా అని షంషున్నీసా గోడ పట్టుకుని లేచింది. వండి, ఆయన ముందు పెట్టి, "ఉప్పు సరిపోయిందా? నా నాలికకేమీ తెలీడంల్యా" అంది.

ఆయన నాలుకకూ ఏమీ తెలియడం లేదు. గడ్డి నమిలినట్టుంది. "సరిగ్గా సరిపోయింది" అన్నాడు. ఆమె ముఖం తేటపడింది. వారం తిరక్కుండానే ఆస్పత్రిలో పోయింది.

తర్వాత ఆయనకు రుచి తిరిగొచ్చింది. చుట్టాలెవరో కూర తెచ్చి పెడితే ముద్ద పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆమె చేతి చివరి కూర రుచి ఆయన దగ్గర లేదు, దాని చోటు మాత్రం ఖాళీగా ఉంది. అక్కడ ఇంకొకరి కూరను పెట్టబుద్ధి కాలేదు. అలా మానేశాడు. జీవహింస అని కాదు, జబ్బు చేసీ కాదు. ఎందుకు మానేశావని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. డిగ్రీ దాకా చదివిన మనిషి, విత్తనాల అంగట్లో రోజంతా రైతులకు ఓపిగ్గా విడమరచి చెప్పే మనిషి, ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పలేకపోయేవాడు. షిఫా ఒకసారి అడిగి, ఇంట్లో మాంసం వండడమే మానేసింది.

నాలుగేళ్ళు గడిచాయి. షిఫాకు ఆళ్ళగడ్డలో సంబంధం కుదిరింది. పిల్లవాడి తండ్రి బాబ్జాన్‌కు బస్టాండు దగ్గర మటన్ అంగడి. పిల్లవాడు నచ్చాడని షిఫా నోటితో అనలేదు గానీ, ఫోను మోగితే మిద్దె మీదికి పోయేది.

మాట ఖాయం చేసుకునే రోజు వియ్యంకులిద్దరూ ఒకే పళ్ళెంలో తినడం బాబ్జాన్ వాళ్ళ ఇంటి ఆనవాయితీ. పొద్దున బయల్దేరుతుంటే షిఫా గేటు దాకా వచ్చింది. "నాయనా, బీపీ అని చెప్పు. ఒక్క అబద్ధమే గదా. మటన్ అంగడోళ్ళు, ఉట్టిగా తిననంటే తప్పు బట్టుకుంటారు."

"అట్లే చెప్తాలే తల్లీ."

ఆళ్ళగడ్డలో చెప్పాడు. అందరూ అప్పటికే చాప మీద కూర్చుని తింటున్నారు. పెద్దమనుషుల్లో ఒకాయన ముక్క చప్పరిస్తూ, "బీపీ నాకూ ఉండాది. నేను తినల్యా?" అన్నాడు.

"అది కాదన్నా. నాలుగేండ్లాయె మానేసి."

"ఏందప్పా, మహానందిలో మాల గాని ఏసుకున్న్యావా?"

అందరూ నవ్వారు. బాబ్జాన్ కూడా నవ్వాడు. "బావా, వంకాయను కోస్తే అది మాత్రం ఏడ్వదా? తిను." ఇద్దరి మధ్యనున్న పళ్ళెంలో ఖాజా పీర్ వైపు మంచి ముక్క పెట్టి కాచుకున్నాడు. ఖాజా పీర్ చెయ్యి కదల్లేదు. కాసేపటికి బాబ్జాన్ ముఖంలో నవ్వు పోయింది.

"మా కోత మీద అనుమానమా? బిస్మిల్లా అనకుండా నేను కత్తి పట్టను. అనుమానముండే ఇంటికి పిల్లనెట్లిస్తావ్ బావా? ఇప్పుడే చెప్పు."

షిఫా మిద్దె మెట్లెక్కే అడుగులు ఖాజా పీర్‌కు గుర్తొచ్చాయి. ఇంతమందిలో షంషున్నీసా మాటను ఎలా చెప్పడం? చెబితే నవ్వుతారు, లేదా అయ్యో అంటారు. ఆయనకు రెండూ వద్దు.

లోపలి గడప దగ్గర గోడ పట్టుకుని బాబ్జాన్ తల్లి నిలబడింది. ఆమెకు మాటల పెడసరం వినపడినట్టు లేదు. "కూర నేనే చేసినా నాయనా, కోడలు వద్దంటాన్నా ఇనకుండా. ముసిలి నాలిక, నాకేమీ తెలీదు. ఉప్పు సరిపోయిందో ల్యాదో ఒక్క ముద్ద జూసి చెప్పు."

ఖాజా పీర్ ఆమె చేతిని, ఆ చెయ్యి పట్టుకున్న గోడను చూశాడు. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

అల్లం తెలిసింది, లవంగం తెలిసింది. ఉప్పు అసలు లేదు.

చుట్టూ చూశాడు. అందరి పళ్ళేలూ సగం ఖాళీ. ఇంతసేపూ ఉప్పు మాట ఎవరూ ఎత్తలేదు. అంత కోపం మీదున్న బాబ్జాన్ కూడా తల వంచుకుని ముద్ద కలుపుతున్నాడు. ఆ ఇంటిమీద ఖాజా పీర్‌కు నమ్మకం కుదిరింది అప్పుడే.

"సరిగ్గా సరిపోయిందమ్మా" అన్నాడు. ఆమె ముఖం తేటపడింది.

బాబ్జాన్ ఆయన వీపు చరిచాడు. "అట్లుండల్ల! ఇంగ శుక్రవారం శుక్రవారం బస్సుకు క్యారియర్ పంపిస్తా. కాదనొద్దు." ఖాజా పీర్ తలూపాడు. ఇంకేం చేస్తాడు?

తిరుగు బస్సులో చేతిలో నిండు క్యారియర్ చూసి ఎవరో జరిగి కిటికీ పక్కన చోటిచ్చారు. శిరివెళ్ళ దాకా సోంపు నమిలాడు. పండగనాటి మధ్యాహ్నాన్ని తలుచుకున్నాడు. గోడ కనిపించింది, ఆమె ముఖం కనిపించింది, మాట వినిపించింది. రొట్టె తుంచి కూరలో అద్దుకునే దగ్గరికి వచ్చేసరికి మాత్రం అల్లం, లవంగం. ఎన్నిసార్లు తలుచుకున్నా అవే.

చీకటి పడ్డాక ఇల్లు చేరాడు. షిఫా ఆయన ముఖం చూసి, పని అయిందని తెలుసుకుని, క్యారియర్ విప్పి వేలితో రుచి చూసింది. "అయ్యో, ఉప్పే ల్యా గదా!" అని నవ్వింది.

"ఆ అవ్వతో అనొద్దమ్మా. పాపం, ముసిలి నాలిక."

షిఫా నవ్వు ఆగిపోయింది. "నీకెట్లా తెల్సు? తిన్న్యావా నాయనా?"

ఆయన కడుక్కున్న చేతినే మళ్ళీ కడుక్కుంటున్నాడు. "మజ్జిగన్నం పెట్టు తల్లీ."

ఆమె అన్నం కలిపి ఇచ్చింది. "శుక్రవారం శుక్రవారం పంపుతారంట" అన్నాడాయన, తలెత్తకుండా.

"పంపనీలే. పక్కింటోళ్ళకిస్తా."

"నువ్వు పోయినాక?"

షిఫా కూరలో ఉప్పు వేసి, కలిపి, పక్కింట్లో ఇచ్చి వచ్చింది. వచ్చేసరికి ఆయన కంచం ముందే కూర్చుని ఉన్నాడు, అన్నం అలాగే ఉంది. ఇంకెవరూ రాకుండా ఆమె చప్పుడు చేయక వీధి తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టింది.