గురువారం మంచం

రాజకుమారి చిన్న స్టీలు గ్లాసుతో నీళ్లు కొలుస్తోంది. నాలుగు గ్లాసులు పోస్తే అర లీటరు సీసా నిండుతుంది. నాలుగోది అంచు దాకా కాకుండా వేలెడు తక్కువ పోసి, మూత బిగించి, సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. భర్త నీలకంఠానికి ఈ రోజు మొత్తానికి అవే నీళ్లు. మాత్రలకైనా, టీకైనా, దాహానికైనా. రెండేళ్లుగా ఆమెకు తెల్లవారడం ఈ పనితోనే.

మందస దగ్గరి ఆ ఊళ్లో మనుషులు ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. "ఎంతుంది?" అని అడుగుతారు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఊరు; రక్తపరీక్ష కాగితం మీది అంకె గురించి ఆ ప్రశ్న. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా అడుగుతారు. నీలకంఠాన్ని మాత్రం ఇప్పుడెవరూ అడగడం లేదు. సోమవారం, గురువారం మొదటి బస్సుకి పలాస వెళ్లి, నాలుగు గంటలు మిషను పక్కన పడుకుని వస్తాడని అందరికీ తెలుసు.

ఈ రోజు గురువారమే. క్రిస్మస్. బడికి సెలవు, రాజకుమారి పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీకీ సెలవు. డయాలసిస్ సెంటరుకి కూడా సెలవేనని, రేపు రమ్మన్నారని నీలకంఠం చెప్పాడు.

"మిషన్లకి కూడా పండగేటి, బావ?" అని ఆమె అడిగింది.

"మిషనుకి కాదే. తిప్పేవోడు మనిషే కదా."

మేనమామ కొడుకు. చిన్నప్పటినుంచీ అన్నిటికీ ఇలాగే జవాబు చెబుతాడు. ఆమె నవ్వింది, నమ్మింది. కానీ ఒక రోజు ఆలస్యమవుతోందని సీసాలో వేలెడు తక్కువ పోసింది.

టెక్కలి వెళ్లే దారిలో హైవే పక్కన కొత్తగా వెలిసిన పార్కుకి తీసుకెళ్తానని నీలకంఠం కూతురికి మాటిచ్చి ఏడాదయింది. చందన ఆరో తరగతి. వాళ్ల తరగతిలో సగం మంది చూసివచ్చారు. పలాసలో బస్సు మారి కూర్చున్నాక ఆ పిల్ల కిటికీ వదల్లేదు. సరుగుడు తోటల మీదుగా జెయింట్ వీల్ కనిపించగానే సీట్లో నిలబడి అరిచింది. బస్సులో వాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. నీలకంఠం కూడా కూతురితో పాటు లేచి నిలబడ్డాడు.

గేటు దగ్గర దూది అంటించిన పెద్ద నక్షత్రం, ఎర్రకోటు తొడుక్కుని చేతులూపుతున్న క్రిస్మస్ తాత. కాపలా మనిషి సంచి తెరిచి సీసా బయటికి తీశాడు.

"బయటి నీళ్లు లోపలికి తేకూడదమ్మా."

"ఇవి కొలత నీళ్లు, బాబూ. మా ఆయనకి కొలిసే పొయ్యాల."

అతను ఈ ప్రాంతం వాడు కాదు. "కొలత దేనికమ్మా? లోపల ఎన్ని కావాలంటే అన్ని తాగండి" అని దయగానే చెప్పి, మూత తీసి, సీసాను మొక్కల్లోకి వంచేశాడు. నీళ్లు గుటగుటమంటూ పోతుంటే రాజకుమారి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది.

"పోనీలేయే. ఈ పొద్దు కొలత నేదు నాకు" అన్నాడు నీలకంఠం.

ఆ పక్కనే టికెట్లు చూస్తున్న అమ్మాయి కాగితం పట్టీ తీసి అతని ఎడమ మణికట్టుకి చుట్టబోయింది. రాజకుమారి "ఆ సెయ్యి కాదు! కుడి సెయ్యి!" అని కేకేసింది. వరుసలో ఉన్నవాళ్లు చూశారు. ఎడమ మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంటుంది. వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు తెలుస్తుంది. సూదులు గుచ్చేది అక్కడే. ఆ చేతికి గడియారం కూడా కట్టకూడదు. నీలకంఠం చొక్కా చెయ్యి కిందికి లాక్కుని కుడి చెయ్యి చాచాడు.

ఊగే పడవ దగ్గర ఫోనూ సంచీ ఆమెకిచ్చి, తండ్రీ కూతురూ ఎక్కారు. ఆమె కంచె పట్టుకుని కింద నిలబడింది. పద్దెనిమిదేళ్లుగా జీడిపప్పు పొట్టు తీసిన కళ్లు ఆమెవి. గుండు పప్పు మీద వెంట్రుకంత పగులున్నా వేలికంటే ముందు కంటికి తెలుస్తుంది. ఆ కళ్లతోనే అతన్ని చూస్తోంది. కంటి కింద కొంచెం ఉబ్బు. పొద్దున్న లేదు. లేక పొద్దున్న మసక వెలుతురులో తను చూడలేదేమో.

ఫోను మోగింది. రమణమూర్తి మాస్టారు. సోమవారాలు సెంటర్లో పక్క మంచం ఆయన, రెండో వంతు మాత్రం శుక్రవారం.

"అమ్మా, నీలకంఠానికి చెప్పు. ఈ రోజు వాడి మంచం మీద నేను పడుకున్నాను, అయిపోయింది. రేపు నా టైముకి వాణ్ని రమ్మను. ఏడింటికల్లా ఉండాలి."

"ఈ రోజు సెలవన్నారు కదండీ, మాస్టారూ?"

మాస్టారు గొంతు తగ్గించారు.

"నీకు చెప్పలేదా? వాడే నన్నూ టెక్నీషియన్నీ బతిమాలి మార్పించుకున్నాడమ్మా. మొన్న సోమవారం కూడా రెండు గంటలకే సూది తీయించుకుని పోయాడు. పలాసలో పార్కు టికెట్లు అమ్ముతున్నారట, అయిపోతాయట. తిట్టాను. వినలేదు. చూసుకోమ్మా."

పడవ ఆకాశంలోకి లేచింది. నీలకంఠం రెండు చేతులూ వదిలేసి పైకెత్తాడు.

రాజకుమారి వేళ్ల మీద లెక్కపెట్టింది. సోమవారం సగమే. మంగళ, బుధ, గురు. లోపలికి వెళ్లిన ప్రతి చుక్కా లోపలే ఉంది. ఊళ్లో ఇలాగే ఒకసారి డయాలసిస్‌కి వెళ్లడం మానేసిన సింహాచలం ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆటోలో పలాస చేరకముందే పోయాడు.

దిగగానే చందన తల్లి మీద పడింది. "అమ్మా! నాన్న కళ్లు మూసీసుకున్నాడు! బయమే బయం!"

"బయమేటే? దుమ్ము పడింది."

"అంత ఎత్తుకి దుమ్మెలాగొత్తాది?"

"మీ అమ్మ కింద నుండి సూత్తంది కదా, ఆ సూపుకే లేసింది."

చందన విరగబడి నవ్వింది. రాజకుమారికి నోటిదాకా వచ్చిన మాట పిల్ల ముఖం చూసి ఆగిపోయింది. నీలకంఠం పిల్ల చేతిలోని నిమ్మసోడా అందుకుని సగం తాగాడు. ఒక గ్లాసు. ఆమె మనసులో కొలత మళ్లీ మొదలైంది. భోజనం దగ్గర ఇంకొకటి. తర్వాత కుళాయి దగ్గర దోసిలి పట్టాడు. దోసిలికి ఎంతో ఆమెకు తెలియదు.

పెళ్లైన కొత్తలో అతను ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. మధ్యాహ్నం చెంబెత్తి పట్టి, గుక్క తిప్పుకోకుండా తాగేవాడు. నీళ్లు గడ్డం మీంచి ఛాతీ మీదికి కారేవి. పొట్టు తీసే ఆడవాళ్లు చూసి నవ్వుకునేవారు. "మీ ఆయన మనిషా, బోరింగా?" అనేవారు.

అలల కొలనులో అతను నడుము లోతున నిలబడ్డాడు. పైనుంచి జలపాతంలా నీళ్లు పోస్తున్నారు. అతను తల వెనక్కి వాల్చి ముఖమంతా ఆ ధార కింద పెట్టాడు. నోరు తెరిచి ఉందో మూసి ఉందో గట్టు మీది నుంచి రాజకుమారికి తెలియడం లేదు. చీర తడుస్తున్నా నీళ్లలోకి దిగింది. ఆమె చేరేసరికి అతను ముఖం తుడుచుకుంటున్నాడు. ఇంత సంతోషంగా అతన్ని చూసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

తిరుగు బస్సులో చందన తల్లి ఒళ్లో నిద్రపోయింది. నీలకంఠం ఫోను చూసి జేబులో పెట్టుకున్నాడు.

"మాస్టారు ఫోన్ సేసినారు కదా" అన్నాడు.

ఆమె కిటికీ వైపు చూసింది.

"ఒక్క రోజేనే, రాజీ. ఆ మంచం మీద పడుకునే దీన్ని పెద్దదాన్ని సేసీసినాను. నాన్నతో ఎక్కడికెళ్లినావంటే సెప్పుకోడానికి దానికేటుంది?"

ఆమె పిల్ల తలని ఒళ్లో సర్దింది. నోరు తెరిస్తే ఏడుపే వస్తుంది, పిల్ల లేస్తుంది. పలాస స్టాండులో అతను రెండుసార్లు దగ్గాడు. మందస బస్సెక్కాక ఇంకోసారి. ప్రతి దగ్గునీ ఆమె లెక్కపెట్టింది. అయినా మాట్లాడలేదు. అతను మళ్లీ అడగలేదు.

ఆ రాత్రి అతను ఊపిరాడక, నడుం వాల్చలేక గోడకానుకుని కూర్చునే గడిపాడు. ఆమె మూడు దిళ్లు తెచ్చి వీపు వెనక పెట్టింది. ఇద్దరి మధ్యా జరిగింది అంతే.

తెలతెలవారుతుండగా రాజకుమారి ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ రోజు ఫ్యాక్టరీకి పోకుండా తనూ అతనితో వెళ్తుంది. దారిలో తిడుతుంది. తిట్టాల్సిందంతా తిట్టి, ఆ నాలుగు గంటలూ మంచం పక్కనే కూర్చుంటుంది. ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి, రెండు చెంబులు గబగబా పోసుకుంది. లోపల ఏదో కదిలిన చప్పుడయింది.

ఎప్పుడూ గుమ్మం దాటేముందు అతను "వత్తాను, రాజీ" అంటాడు. ఆమె పెరట్లో ఉన్నా, పొయ్యి దగ్గరున్నా వినిపించేలా అంటాడు. ఆమె కొంగుతో ముఖం ఒత్తుకుంటూ ఆ మాట కోసం ఆగింది.

రాలేదు. ఇంట్లోకి పరుగెత్తింది. చందన నిద్రలోనే ఉంది. మూడు దిళ్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మేకుకి వేలాడే ఆసుపత్రి ఫైలు లేదు. రోడ్డు మీద మొదటి బస్సు ఆగిన చప్పుడు, వెంటనే కదిలిన చప్పుడు వినిపించాయి.

గుమ్మం పక్కన అతని చెప్పులు రెండూ ఉన్నాయి. ఎడమదాని పట్టీ చివరి రంధ్రం దాకా వదులు చేసి ఉంది. కుడిదాని పట్టీ, వాచిన పాదాన్ని బలవంతంగా దూర్చబోతే కుట్లతో సహా ఊడి, పైకి లేచి అలాగే నిలబడి ఉంది.