అతుకు కనిపించని కారు

నేను పెయింటర్ని. బొమ్మలు వేసేవాణ్ని కాదు, విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టేవాణ్ని. పేరు ఏసుపాదం. మా పక్క షెడ్డు మదార్ సాహెబ్‌ది. ఆయనది టింకరింగ్ పని, అంటే గుద్దుకుని సొట్టలు పడ్డ బండి రేకులను సాపు చెయ్యడం. పద్నాలుగేళ్ళు ఆయన సాపు చేసిన రేకుల మీద నేను రంగు కొట్టాను. ఆయన గురించి నాకు తెలిసినంత ఆయన భార్యకు కూడా తెలియదనుకునేవాణ్ని. అది నా పొగరు.

టింకరింగ్ పనిలో ఒక దరిద్రం ఉంది. పాడుచేస్తే ఊరంతా చూస్తుంది, బాగా చేస్తే ఎవరికీ కనపడదు. మిగతావాళ్ళు సొట్టను పైపైన లాగి, దాని మీద లప్పం దట్టంగా పూసి, రుద్ది నా దగ్గరికి తోసేవాళ్ళు. మదార్ సాహెబ్ లప్పం ముట్టుకునేవాడు కాదు. రేకు వెనక ఇనుప దిమ్మ పెట్టి, ముందు నుంచి చిన్న సుత్తితో గంటల తరబడి కొట్టి, రేకును రేకుతోనే సరిచేసేవాడు. కూలి మాత్రం అందరితో సమానమే. బండి తాలూకు మనిషి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "రంగు భలే కుదిరిందయ్యా ఏసుపాదం" అనేవాడు. ఆ మెప్పును నేను సిగ్గులేకుండా పుచ్చుకునేవాణ్ని. మదార్ సాహెబ్ బీడీ వెలిగించుకుని అవతలికి వెళ్ళిపోయేవాడు.

తొంభై తొమ్మిదిలో వాళ్ళు వించిపేటలో అద్దెకుండేవాళ్ళు. పెళ్ళయ్యాక అది ఏడో ఇల్లు. ఫిబ్రవరిలో ఇంటాయన వచ్చి, పాతది పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నానని, మే నెలాఖరుకు ఖాళీ చెయ్యమని చెప్పాడు. మదార్ సాహెబ్ భార్య నజీమా ఆ రోజే ఎనిమిదో అద్దె ఇంట్లో అడుగు పెట్టనని తేల్చి చెప్పేసింది. మాట మీద నిలబడే మనిషి. వన్‌టౌన్ చీరల కొట్ల నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్స్ కుట్టేది. పదకొండేళ్ళుగా ఆ చీరల డబ్బులు, ఆయన కూలిలో మిగిలింది కలిపి తొంభై వేలు బ్యాంకులో వేసింది.

భవానీపురంలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని కూడా ఆమే కనుక్కుంది. రెండు గదులు, వంటిల్లు, సొంత కుళాయి. ఇల్లుగలాయన రామకోటేశ్వరరావు గారు, రిటైరైన ఉద్యోగి. ధర నాలుగు లక్షలు. బ్యాంకువాళ్ళు రెండున్నర లక్షలు లోను ఇస్తామన్నారు, అంతకు మించి పైసా కూడా ఇవ్వలేమన్నారు. అంటే అగ్రిమెంటు నాటికి లక్షన్నర చేతిలో ఉండాలి. ఉన్నది తొంభై. అరవై వేలు తక్కువ.

అక్కడే మదార్ సాహెబ్‌కు ఆలోచన వచ్చింది. మైలవరం రోడ్డులో ఒక మారుతి కారును ట్రాక్టరు పక్క నుంచి గుద్దేసింది. మనుషులకేమీ కాలేదు గానీ కారు కుడి పక్క మొత్తం లోపలికి పోయింది. దాని యజమాని నలభై వేలకు వదిలించుకుంటానన్నాడు. బాగుచేస్తే లక్షా ఇరవైకి కళ్ళు మూసుకుని కొంటారని మదార్ సాహెబ్ లెక్క.

"ఇంటి డబ్బులతో కారేంటండీ?" అంది నజీమా. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే టీ తాగుతున్నాను.

"కారు కాదే, ఇల్లే. కారులా కనపడతంది గానీ అది ఇల్లే. సామాన్లకి ఇంకో ఇరవై అవుద్ది. కూలి నాదే గదా, ఊరికే!"

ఊరికే అనే ఆ మాట మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండు నెలలు బయటి బండి ఒక్కటీ పట్టుకోలేదు. ఆ రెండు నెలలూ ఇల్లు నడిచింది చీరల మీద. రోజుకు ఆరు కుట్టే మనిషి పది కుట్టింది. ఈయనేమో తలుపుల మధ్య కమ్మీ ఒక్కదాని మీదే పదిహేను రోజులు కూర్చున్నాడు. కోసి, అతికి, నచ్చక మళ్ళీ కోసి, మళ్ళీ అతికాడు. చివరికి దాని మీద చెయ్యి పెట్టి రాస్తే ఎక్కడ అతికాడో నాకే తెలియలేదు. నేను తెల్ల రంగు కొట్టి ఇచ్చాను. నా కూలి తీసుకోలేదు, రంగు డబ్బాల ఖర్చు మాత్రం తీసుకున్నాను.

ఏప్రిల్‌లో కారు తయారైంది. తయారైంది గానీ అమ్ముడుపోలేదు, ఎందుకంటే మదార్ సాహెబ్ అమ్మలేదు. కూతురు గుల్షన్‌ను ఎక్కించుకుని బెంజ్ సర్కిల్ చుట్టూ తిప్పాడు. అందరినీ తీసుకుని మైలవరం అత్తగారింటికి వెళ్ళొచ్చాడు. కొనడానికి ఒక బట్టల వ్యాపారి వచ్చి, చుట్టూ చూసి, రంగు బాగుందన్నాడు. అంతే, మదార్ సాహెబ్ ధర పదివేలు పెంచేశాడు. ఆ తర్వాత ఇంకొకాయన వచ్చి అదే మాట అన్నాడు, ఆయన్నీ పంపించేశాడు.

ఒక మధ్యాహ్నం నజీమా షెడ్డుకే వచ్చింది. "అన్నయ్యా, మీ భాయ్ ఈ కారు అమ్ముతారా, ఇందులోనే కాపురం పెట్టిస్తారా? అది కనుక్కుని చెప్పండి" అంది నాతో. ఆయన అక్కడే ఉన్నాడు. గుడ్డ తీసుకుని కారు అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు.

దారి కూడా ఆమే చూసింది. రామకోటేశ్వరరావు గారి భార్య చీరలకు ఫాల్స్ కుట్టి ఇవ్వడానికి వెళ్ళి, వాళ్ళు కారు కొనాలనుకుంటున్నారని విన్నది. కారును లక్షా ఇరవై వేల కింద జమ కట్టుకుని, మిగతా ముప్పై వేలు నగదుగా తీసుకోవడానికి ఆయన ఒప్పుకున్నాడు. తన మెకానిక్కు చూసి సరే అంటేనే అని ఒక్క షరతు పెట్టాడు. ఇల్లు అడుగుతున్నవాళ్ళు ఇంకొకరు ఉన్నారని, ఆ ఆదివారం దాటితే వాళ్ళకు ఇచ్చేస్తానని కూడా చెప్పాడు.

ఆదివారం చర్చి అయ్యాక నేను కూడా భవానీపురం వెళ్ళాను. కారు ఆ ఇంటి ముందే నిలబెట్టాం. మెకానిక్కు అబ్రహాము అని పెద్దాయన, ఆటోనగర్ అంతా గౌరవించే చెయ్యి. బానెట్ ఎత్తాడు, కింద పడుకుని చూశాడు, తలుపులు తీసి వేశాడు. వేలి కణుపుతో ఒక్కో చోటా తట్టాడు. జేబులోంచి అయస్కాంతం తీసి అంగుళం అంగుళం ఆనించాడు. లప్పం ఉన్నచోట అయస్కాంతం పట్టదు. అన్నిచోట్లా పట్టింది.

నజీమా అరుగు మీద కూర్చుని చూస్తోంది. మధ్యలో ఒకసారి లేచి, కుళాయి తిప్పి, నీళ్ళు వస్తుంటే చూసి, కట్టేసి వచ్చి కూర్చుంది.

"దెబ్బ తగలని బండండీ, పుట్టినప్పటి రేకే. రంగు మాత్రం ఈ మధ్యే కొట్టారు, బాగా కొట్టారు" అన్నాడు అబ్రహాము.

రామకోటేశ్వరరావు గారు స్టాంపు కాగితం మీద పెన్ను పెట్టాడు. దెబ్బ తగిలిందా అని ఆయన మమ్మల్ని అడగలేదు. ఎవరూ అడగలేదు.

"దెబ్బ తగల్లేదా?" అన్నాడు మదార్ సాహెబ్.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. సొట్టలు గుర్తుపెట్టుకోవడానికి టింకర్లు సుద్ద దగ్గర ఉంచుకుంటారు. తలుపుల మధ్య కమ్మీ మీద, టాపు దాకా గీత గీశాడు. "ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా జానెడు లోపలికి పోయిందండీ. ఇక్కడ కోశాను. ఇదిగో, ఇక్కడ అతికాను."

అబ్రహాము కళ్ళజోడు సవరించుకుని వంగాడు. గీత మీద బొటనవేలితో రాశాడు. "ఎక్కడండీ?" అన్నాడు. మళ్ళీ రాశాడు. "నలభై ఏళ్ళ సర్వీసండీ నాది. ఇట్టాంటి చెయ్యి నేను చూళ్ళా."

మదార్ సాహెబ్ ముఖంలో అంత సంతోషం నేను ముందెప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు. నాకూ కళ్ళు చెమర్చాయి. చెంప మీద ఒక్కటి ఇవ్వాలనీ అనిపించింది. రెండూ నిజమే.

రామకోటేశ్వరరావు గారు పెన్నుకు మూత పెట్టాడు. "యాక్సిడెంట్ బండని తెలిస్తే మా ఆవిడ ఎక్కదండీ. నేను సర్దిచెప్పుకోవాలి. తొంభై అయితే చూస్తాను" అన్నాడు మర్యాదగానే. ముప్పై వేలు తక్కువ. సాయంత్రం దాకా అడగగలిగిన చోటల్లా అడిగాం. నా దగ్గరున్నది నాలుగు వేలు. సోమవారం ఇల్లు వేరేవాళ్ళకు రాసేశాడు.

మదార్ సాహెబ్ అబద్ధం మింగలేక లక్షల ఇల్లు వదులుకున్నాడని తర్వాత వించిపేట మసీదు దగ్గర గొప్పగా చెప్పుకున్నారు. ఆయన కాదనలేదు. నేను పక్కనే ఉన్నవాణ్ని, నాకు తెలుసు. అది నిజాయితీ కాదు, ఉక్రోషం.

నజీమా మర్నాడే మళ్ళీ చీరల ముందు కూర్చుంది. మే ముప్పై ఒకటిన ఎనిమిదో అద్దె ఇంటికి సామాను ఆ కారులోనే మోశాం. మూడు వారాలైనా ఆ సుద్ద గీత అలాగే ఉంది. అద్దాలు రోజూ తుడిచే మదార్ సాహెబ్ గీత జోలికి మాత్రం పోలేదు.

చివరి విడతకు మిగిలింది చీరల మూట. నజీమా దాన్ని కారు దగ్గరికి తెచ్చి ఆగింది. మూట దించి, గీత పొడుగునా వేళ్ళు పెట్టి, మెల్లగా కింద నుంచి పై దాకా తడిమింది. సూది పట్టిన వేళ్ళు, వాటికి దారప్పోగు అడ్డం వచ్చినా తెలుస్తుంది.

"నాకూ తగల్లేదు. చాలా బాగా చేశారు" అంది.

మదార్ సాహెబ్ తలొంచుకున్నాడు. ఆమె మూట విప్పి ఒక చీర తీసింది. పట్టు చీర, ఎర్ర అంచు. కుచ్చిళ్ళ దగ్గర అంచును పై వైపు తిప్పి ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో నా కుట్టు ఎక్కడుందో చూపించండి."

ఆయన అంచును వెలుతురుకు పట్టుకుని చూశాడు. బొటనవేలితో రాశాడు. మళ్ళీ చూశాడు. కుట్టు పైకి కనపడితే కొట్టువాళ్ళు చీర తిప్పి పంపుతారు, ఆమె కుట్టినవి ఎప్పుడూ తిరిగి రాలేదు.

"కనపట్లేదు" అన్నాడు.

"పదకొండేళ్ళు కుట్టానండీ. చూడమని ఎవర్నన్నా అడిగానా?"

మదార్ సాహెబ్ చీర మడత పెట్టబోయాడు, చేతకాలేదు. ఆమే తీసుకుని మడిచి మూటలో పెట్టింది.

"బాగుంది" అన్నాడాయన, చాలా చిన్నగా.

"ఇప్పుడా?" అంది నజీమా. మూట ఒళ్ళో పెట్టుకుని కారెక్కి కూర్చుంది.