అమ్మ మెడ మీది గీతలు

అద్దిస్ అబాబాలో పచ్చబొట్టు పొడిచేవాళ్లకు కొదవ లేదు. ఫోన్లో వెతికితే వీధికొకడు దొరుకుతాడు. అందరూ అడిగేది ఒకటే: "ఏం పొడవాలో ఫోటో పంపండి అక్కా."

ఆ ఫోటోనే నా దగ్గర లేదు.

మా అమ్మ ఎతెనేష్ మెడ నిండా పచ్చబొట్లు. గోందర్ పల్లెలో పెళ్లికి ముందు ముల్లుతో పొడిపించుకుంది. ఆ మెడ చూసే నాన్న మనసు పారేసుకున్నాడట. అన్న గెటాహున్ బ్యాంకులో ఆఫీసరయ్యాక అమ్మను పట్నం తీసుకొచ్చాడు. వచ్చీ రాగానే, "ఆ మోటు గీతలు కప్పుకో అమ్మా, నలుగురూ నవ్వుతారు" అన్నాడు. అమ్మ తను కప్పుకునే తెల్ల శాలువా, నెతెలా అంచును పైకి లాగి మెడ చుట్టూ బిగించుకుంది. మా దగ్గర అలా చుట్టుకునేది చావు జరిగిన ఇంటివాళ్లే. "ఎవరు పోయారమ్మా?" అని వీధిలో కొత్తవాళ్లు అడిగేవారు.

"నా మెడ పోయింది" అనేది అమ్మ. వాళ్లు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోనూ అమ్మ అలాగే ఉంది, తన చావుకు తానే ముందుగా ఏడుస్తున్నట్టు.

ఇప్పుడు అమ్మ నిజంగానే పోయింది. నలభయ్యో రోజు భోజనాలలోగా ఆ గీతలు నా మెడ మీదికి రావాలి. నేనూ మరిచిపోతే అవి ఇంకెక్కడా మిగలవు. గుర్తున్నంత వరకు కాగితం మీద గీశాను. శిలువల కింద చుక్కలా, చుక్కల కింద శిలువలా, అక్కడ ఆగిపోయాను.

బోలే పేటలో పచ్చబొట్లవాడొకడు ఆ కాగితం చూసి, "మీరు గీశారా, కోడి గీకిందా?" అన్నాడు. వాడి మొహం మీదే తలుపు వేసి వచ్చేశాను. చివరికి పియాసా పేటలో నహోమ్ అనే కుర్రాడు ఫోన్లో, "నా దగ్గర ముసలమ్మల మెడలు చాలా ఉన్నాయి, వచ్చి చూసుకోండక్కా" అన్నాడు.

అతని షాపు గోడ నిండా మెడల ఫోటోలే. ముఖాలు లేవు. ఒక మెడ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. గడ్డం కింద కాలిన మచ్చ. ఇంజెరా రొట్టెలు కాల్చేటప్పుడు పెనం ఆవిరి కొట్టి అమ్మకు పడిన మచ్చ.

"ఈవిడ ఎక్కడ దొరికింది?"

"చర్చి గేటు దగ్గరక్కా. భయపడుతూనే అడిగాను. టక్కున నెతెలా తీసేసింది. 'అందరికీ కనబడేలా పెట్టు నాయనా, మా ఇంట్లో దీన్ని చూసే దిక్కు లేదు' అంది."

గోడకు ఆనుకుని ఏడ్చాను. అతను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఇదే పొడువు. ఎప్పుడు ఖాళీ?"

"గురువారం. కానీ మానేదాకా మెడకు గుడ్డ తగలకూడదక్కా."

భోజనాలు శనివారం. కూతురు మెడ దాకా అంచు చుట్టుకోకుండా కూర్చుంటే బంధువులు బతకనివ్వరు.

"గురువారమే రాసుకో" అన్నాను.

శనివారం పందిట్లో అందరి మెడలూ కప్పి ఉన్నాయి. నా మెడ ఒక్కటే ఎర్రగా వాచి బయట ఉంది. అన్న పళ్లు నూరుతూ వచ్చాడు.

"అంచు పైకి చుట్టుకో అస్నకెచ్! తల్లి చచ్చిన బాధ కూడా లేదా నీకు? ఏంటా పిచ్చి గీతలు? ఏ తిరుగుబోతుల దగ్గర నేర్చావు?"

"అమ్మవి."

అన్న వంగి చాలాసేపు చూశాడు.

"అమ్మవి ఇలా ఉండేవా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.