రాళ్లేరిన మిట్ట

అందరూ మొండక్క అని పిలిచే ఆమెకు నలభై మూడేళ్లు. రోజూ పొలానికి పోతూ భూముల ఆఫీసు ముందు ఆగి, బోర్డు మీద పేరు నిలిచిందా లేదా అని చూసుకుంటుంది.

నిలిచేది కాదు. వాగుకీ కొండకీ మధ్య ఊళ్లన్నీ కలిపి కొత్త మండలం చేశారు గానీ, దానికి ఏ పేరు రాసినా తెల్లారేసరికి అక్షరాలు రాలి కింద పడేవి. ప్రెసిడెంటు తాత పేరు రాలింది. కాంట్రాక్టరు నాన్న పేరు రాలింది. బంట్రోతు వాటిని టీ కప్పులతో పాటు ఊడ్చి పారేసేవాడు. మగవాళ్లు మళ్లీ కూర్చుని మళ్లీ తమ ఇంటి పెద్దల్నే తలుచుకునేవాళ్లు. ఆ పెద్దల్లో ఒక్కరూ ఆ నేల మీద నడుం వంచినవాళ్లు కారు.

మొండక్కకి కావలసింది పట్టా. మొగుడు పోయాక సాగు చేసేది ఆమే. కోత కాగానే పొలం అమ్మేస్తానని మరిది బేరగాణ్ణి కూడా తెచ్చి చూపించాడు.

"పేరు లేని మండలంలో నీ పేరెక్కడ రాయనమ్మా?" అనేవాడు ఆఫీసరు, ప్రతిసారీ కొత్తగా.

"మరి మా మరిది ఎట్లా అమ్ముతాడండీ?"

"అతని దగ్గర వాళ్ల నాన్న పట్టా ఉంది. అది పాత మండలంలోది, చెల్లుతుంది."

ఒక పొద్దున పెయింటరు మిల్లు యజమాని మేనమామ పేరు రాయడానికి విసుక్కుంటూ నిచ్చెనెక్కాడు. మొండక్క ఇంక ఆగలేకపోయింది.

"దిగు తమ్ముడూ."

కొంగు దోపి ఎక్కింది. 'రాళ్లేరిన మిట్ట' అని రాసింది. అత్తలూ వాళ్ల అత్తలూ ఒంగి రాళ్లేరితేనే ఆ నేల పొలమైంది. పనికి పోయే ఆడవాళ్లందరూ దాన్ని అట్లాగే అంటారు. వాళ్లని అడిగినవాళ్లెవరు?

రేపటికి అదీ రాలుతుందిలే అని ఆఫీసరు నవ్వుకున్నాడు. మర్నాడు ఒక్క అక్షరం రాలలేదు. ఆ వారమూ రాలలేదు. చెప్పడానికి సాకు దొరక్క, పట్టా మీద ఆమె పేరు రాసిచ్చాడు. బేరగాడు మళ్లీ కనిపించలేదు.

మగవాళ్లు ఊరుకుంటారా? బోర్డు కింద రాతి పలక నిలబెట్టి, పేరు పెట్టిన కమిటీ అంటూ తమ పేర్లన్నీ అరచేతి మందం రాతి అక్షరాలతో అతికించారు. మొండక్క పేరు లేదు.

"నువ్వు రాశావంతే అక్కా, పెట్టింది కమిటీ కదా" అన్నాడు ప్రెసిడెంటు.

తెల్లారేసరికి పలక నున్నగా ఉంది. మొండక్క ఆ రాతి అక్షరాలన్నీ తట్టకెత్తుకుని పోయి, మరిది చేను వైపు గట్టు కట్టుకుంది.