డెబ్బై ఆరు డిగ్రీల గద్దె

శాలిబండలో రెండో కిరాణా దుకాణం తెరవాలనుకున్నప్పుడు నేను అన్నీ లెక్క వేసుకున్నాను. మొఘల్‌పురా దుకాణం తమ్ముడికి, కొత్తది నాకు. నా భార్య ఆండాలు లెక్క మాత్రం వేరు.

"శాలిబండల నేను కూసుంట," అంది.

"దుకాణం గద్దె మీద ఆడమనిషా!" అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. అది ఒప్పుకోవడమని జమ వేసుకున్నాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. దసరా ముహూర్తానికి గద్దె మీద కూర్చుని బోణీ చేసినవాళ్లే మళ్లీ దసరా దాకా దాని మీద కూర్చోవాలి. మధ్యలో మనిషి మారితే లక్ష్మి అలుగుతుందని మా నాయన నమ్మేవాడు. నేనూ నమ్ముతాను.

యుద్ధం వల్ల టేకు దొరకని రోజులవి. మలక్‌పేటలో మూతపడిన దుకాణం నుంచి పాత గద్దె కొన్నాను. రెండు పక్కల ఎత్తు పలకలు, ముందు బిగించిన గల్లాపెట్టె. దుకాణం మూలలో పెడితే పలకలు రెండు గోడలకూ ఆనాలి. కొలుద్దామంటే ఆ మూలలో పాత కిరాయిదారు బాలనర్సింహ కప్పు దాకా గడ్డి పేర్చాడు.

"పండుగ పొద్దున్నే తీస్త సేటూ. అందాక నా బర్లు ఏం తినాలె, నీ బెల్లమా?" అన్నాడు.

ఆండాలు తన తమ్ముడు ప్రకాశాన్ని పిలిపించింది. ఉర్దూలో లెక్కలు చదివి బి.ఎస్సీ. పాసైనవాడు.

"మూల కనపడకున్నా ఫికర్ లేదు బావా. గోడలు ఏ దిక్కు పోతున్నయో తెలిస్తే చాలు," అన్నాడు.

నేలంతా అడుగు చదరపు షాబాద్ బండలు. గోడలు వాటికి ఏటవాలుగా పోయాయి. గడ్డి కప్పనంత మేర బండలు లెక్కపెట్టాడు.

"మూల దిక్కు నుంచి వస్తుంటే ఈ గోడ నాలుగు బండలు కుడికి, మూడు ముందుకు. ఆ గోడ అయిదు ఎడమకు, పన్నెండు ముందుకు. అడ్డాన్ని అడ్డంతోని, నిలువును నిలువుతోని గుణించి కలపాలె. కుడి ఎడమలు ఎదురెదురు గనక నాలుగయిదుల ఇరవై తీసేస్తం. మూడు పన్నెండ్ల ముప్పై ఆరుల ఇరవై పోతే పదహారు."

"గిదేంది, బండి బరువు లెక్కనే గద! బియ్యం బస్తాలను బియ్యం బస్తా తూకంతోని, బెల్లం బుట్టలను బెల్లం బుట్ట తూకంతోని గుణిస్తం. వాపసు పోయింది తీసేస్తం. దీనికి కాలేజెందుకు?" అన్నాను.

"బండి లెక్కకు ఒద్దు బావా, జావియాకు, అంటే కోణానికి, కావాలె."

లెక్కపెట్టిన మేర గోడల పొడవులు అయిదు, పదమూడు అడుగులు. రెంటినీ గుణించి, వచ్చిన అరవై అయిదుతో పదహారును భాగించి, కోణాల పట్టిక తిప్పాడు.

"డెబ్బై ఆరు డిగ్రీలు. పదహారుకు బదులు సున్న వస్తే తొంభై అయ్యేది, నీ గద్దె సీదా పట్టేది."

నా గద్దె మూల తొంభై. వడ్రంగి మైసయ్య గొణుక్కుంటూనే ఒక పక్క కోసి, పలకను లోపలికి జరిపాడు. మధ్యమధ్యలో ఆండాలు గద్దెలో కూర్చుని చూసి, "ఇంకింత జరుపు," అనేది. నా సుఖం కోసమే అనుకున్నాను.

దసరా పొద్దున గడ్డి తీశారు. గద్దెను మూలలోకి నెడితే గోడలకు అతికించినట్టు కూర్చుంది. బాలనర్సింహ కూడా నోరు తెరిచాడు. కొత్త ధోవతితో నేను లోపలికి దిగబోయాను. పలకకూ గల్లాపెట్టెకూ మధ్య నా బొజ్జ ఆగిపోయింది. పక్కకు తిరిగాను. పక్కకు తిరిగినా బొజ్జ బొజ్జే.

"ఎనక నుంచి నెట్టుండ్రి, బర్రెను దొడ్లకు నెట్టినట్టు!" అన్నాడు బాలనర్సింహ.

"అన్ని కొలిచి నన్ను కొలవలేదేందిరా?" అని ప్రకాశం మీద అరిచాను.

"నువ్వు గోడల సంగతే అడిగితివి బావా."

"ముహూర్తం దాటుతుంది!" అన్నారు పూజకు వచ్చిన అయ్యగారు.

ఆండాలు చెంగు దోపుకుని, నా పక్కనుంచి లోపలికి జారి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు చోటు మిగిలింది. బాలనర్సింహకు పసుపు తూచి బోణీ చేసింది.

బయట సరుకు బండి ఆగింది. ఆండాలు గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది.

"బండి లెక్క కాలేజి లేకుండనే వస్తదంటిరి గద. పోయి బస్తాలు దించుకోండ్రి. మళ్ల దసరా దాక ఆ లెక్క మీదే."